మూడు రోజుల ఇనుము

వాల్‌దేరా,
12 సెప్టెంబరు 1988

ప్రియమైన తుమాష్‌కు,

కుశలప్రశ్నలు ఈసారి చివర వేస్తాను. ముందు కుశలం, తరువాత విషయం అని నలభై ఒక్క సంవత్సరాలు బడిపిల్లలకు నేర్పిన నేనే ఆ క్రమం తప్పుతున్నానంటే, విషయం ఎంత ముఖ్యమైనదో నువ్వే ఊహించుకో. నాకు నీ చేతుల మీదుగా ఒక రైఫిల్ కావాలి.

నవ్వకు. నాకు అరవై తొమ్మిదేళ్ళని నీకు తెలుసు. నీకూ అంతేనని నాకూ తెలుసు. అయినా నా కుడికన్ను మూడు వందల మీటర్ల అవతలి నల్లచుక్కను ఇప్పటికీ గుండ్రంగానే చూస్తుంది. వచ్చే జూన్‌లో మన ఊరి గురికాండ్ర సంఘానికి నూరేళ్ళు నిండుతాయి. ఆ పోటీలో నా భుజానికీ, నా మెడకూ కొలిచి చేసిన రైఫిల్‌తో కాల్చాలని ఉంది. కర్ర ఏది, మీట ఎంత తేలికగా ఉండాలి, గురిచూసే అమరిక ఎలా ఉండాలి అన్నవి నీ ఇష్టం. గొట్టం ఒక్కటి మాత్రం నా ఇష్టం.

గొట్టం నల్ల ఉక్కుతో చెయ్యి. స్టెయిన్‌లెస్ స్టీలు వద్దు. పైన నీలిపూత వద్దు, రంగు వద్దు. అద్దంలా సానపెట్టి ఉత్త ఉక్కుగా వదిలెయ్యి. నేను దాన్ని వట్టి చేతులతో పట్టుకుంటాను. తరువాత సంఘం వాళ్ళ హాల్లో, ఊరంతా చూసేలా గోడకు వేలాడదీస్తాను.

ఎందుకో నీకు చెప్పాలా? నేను ముట్టుకున్న ఇనుము తుప్పుపడుతుందని యాభై నాలుగేళ్ళుగా ఈ ఊరు నన్ను తుప్పుచెయ్యివాడు అంటోంది. మొదట తుప్పు లినార్డ్. ఉద్యోగం వచ్చాక తుప్పు మాస్టారు. ఈనాటికీ మా సంఘాధ్యక్షుడు స్టైవన్ తన రైఫిల్ నా చేతికి ఇచ్చేముందు, "మాస్టారూ, ముందు ఈ గుడ్డ చుట్టుకోండి, ఆనక ముట్టుకోండి" అంటాడు. వాడు నా దగ్గర ఆరో తరగతి రెండుసార్లు చదివినవాడు.

1957లో నేను మొదటి స్థానంలో గెలిచాను. గెలిచినవాడు సంఘం తొలి రైఫిల్‌ను భుజాన వేసుకుని ఊరేగింపు ముందు నడవడం ఆనవాయితీ. ఆ యేడు నా బదులు స్టైవన్ తండ్రి నడిచాడు. నేను వెనకాల జెండా పట్టుకున్నాను. బ్రైదా మా ఇంటి కిటికీలోంచి చూసింది. ఆ సాయంత్రం ఆమె నాకు ఇష్టమైన బంగాళదుంప అట్లు వేసి, ఊరేగింపు గురించి ఒక్క మాటైనా ఎత్తలేదు.

ఇప్పుడు నా చెయ్యి మారిందని నాకు నమ్మకం కుదిరింది. ఎలాగో మరో ఉత్తరంలో వ్రాస్తాను. తుప్పు పట్టే నల్ల ఉక్కు తప్ప మరేదీ దాన్ని రుజువు చెయ్యలేదు.

తూన్ పట్టణంలో నీ ఆరోగ్యం ఎలా ఉంది? పెద్ద హోటలు వడ్డనవాడిలా ఆ తెల్ల చేతితొడుగులు ఇంకా తొడుక్కునే పని చేస్తున్నావా?

నీ,
లినార్డ్


తూన్,
2 అక్టోబరు 1988

ఒరేయ్ లినార్డ్,

నీ ఉత్తరం చూసి భలే సంతోషమేసింది. నేను రాసేది ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపకు, పోయినసారి అలాగే చేశావు.

రైఫిల్ చేస్తాను, సందేహమే లేదు. కర్రకి అక్రోటు చెక్క ఒకటి పన్నెండేళ్ళుగా అటక మీద ఆరుతోంది, అది నీదే. కొలతలు పంపు. చొక్కా మీద కాదు, కోటు వేసుకుని కొలుచుకో.

గొట్టం దగ్గరే పేచీ. నల్ల ఉక్కు నీకెందుకురా ఈ రోజుల్లో? దూరపు పోటీలకి నా దగ్గరికొచ్చే వాళ్ళలో పదిమందికి ఎనిమిదిమంది స్టెయిన్‌లెస్సే అడుగుతున్నారు. తూటా కూర్చునే చోట, గొట్టం మొదట్లో, మంట ఉక్కుని చిట్లించి తినేస్తుంది కదా, స్టెయిన్‌లెస్‌లో ఆ తినెయ్యడం ఆలస్యం. గొట్టం లోపలి మెలిక గాడులు నున్నగా తెగుతాయి. తూటా వదిలే రాగి మురికి తుడిస్తే వస్తుంది. వానలో తడిసినా గుండె దడ ఉండదు. నీలాంటి వాడికి అదే మేలు.

నీలాంటివాడంటే ముసలివాడని, మరేం కాదు.

చెయ్యి మారింది అన్నావు. పోనీలే, ఆ పాత గొడవ ఇప్పుడెందుకు? అందరూ మర్చిపోయారు. స్టైవన్ గుడ్డ ఇస్తే వాడి మొహానే కొట్టు.

తొడుగులంటావా, అలవాటైపోయింది. ఇక్కడ నా పేరే తెల్లతొడుగుల మేస్త్రి. బాగానే ఉంది పేరు.

తుమాష్


వాల్‌దేరా,
23 అక్టోబరు 1988

ప్రియమైన తుమాష్‌కు,

కోటు మీద కొలిచిన కొలతలు జతపరిచాను. నీ ఉత్తరంలో తప్పులు పదకొండు. దిద్దలేదు, లెక్కపెట్టాను, అంతే.

ఇక గొట్టం. మన వాల్‌దేరాలో జనవరి పోటీకి సున్నాకు ఇరవై డిగ్రీల కింద నిలబడి కాలుస్తామన్నది నువ్వు మర్చిపోయి ఉండవు. కోతకు సులువని స్టెయిన్‌లెస్‌లో గంధకం కలుపుతారు, గడ్డకట్టే చలిలో దాని ఓర్పు తగ్గుతుంది, కొండమీది వాళ్ళకు నల్ల ఉక్కే నమ్మకం అని 1979 మార్చిలో వ్రాసినది ఎవరు? ఆ ఉత్తరం నా ముందే ఉంది. నేను ఉత్తరాలు పారెయ్యను.

నా చెయ్యి మారిన సంగతి ఇప్పుడు చెబుతాను.

బ్రైదా పోయి వచ్చే ఫిబ్రవరికి మూడేళ్ళు నిండుతాయి. నలభై ఏళ్ళ కాపురంలో నేను ముట్టుకున్న ఇనుప వస్తువు ఏదైనా సరే, నేను కింద పెట్టిన మరుక్షణం ఆమె తీసి తుడిచేది. రొట్టెకత్తి, కొడవలి, తాళంచెవులు, సైన్యంవాళ్ళు ఇచ్చిన రైఫిల్, అన్నీ. ఆమె దగ్గర ఒక పాత ఉన్నిగుడ్డ, ఇనుముకు పూసే మార్మొట్ అనే కొండ ఉడుత కొవ్వు ఉన్న రేకుడబ్బా ఉండేవి. మా ఇల్లంతా ఆ కొవ్వు వాసనే. పెళ్ళికి ముందు మేము మొదటిసారి మాట్లాడుకున్నది కూడా ఆ తుప్పు వల్లనే. జున్ను పంపకాల రోజున నేను రొట్టె కోస్తుంటే ఎదురుగా వచ్చి, "మీరేనా ఆ తుప్పు అబ్బాయి? కత్తి ఇలా ఇవ్వండి, తుడవాలి" అంది. నడుముకు కట్టుకున్న గుడ్డ కొంగుతో కత్తిని తుడిచి, అదే కొంగుతో నా అరచేతిని కూడా, అది కత్తికి పిడి అన్నట్టుగా తుడిచింది. 

ఆమె పోయాక తుడిచేవాళ్ళు లేరు. తుడవాలన్న ధ్యాస నాకూ లేదు. మొన్న ఆగస్టులో కోటు గుండీ ఊడితే ఆమె కుట్టుపెట్టె తెరిచి కత్తెర తీశాను. రెండున్నరేళ్ళుగా నేను దారాలు తెంపుతున్నది ఆ కత్తెరతోనే, ఒక్కసారీ తుడవలేదు. ఎండలో పట్టి చూశాను. తళతళలాడుతోంది. కొడవలి తీశాను. అదీ అంతే. రొట్టెకత్తీ అంతే. అక్కడే పెట్టె పక్కన కూర్చుండిపోయాను.

మనకు పదిహేనేళ్ళప్పుడు, తుపాకులు చేసే ఫ్లురిన్ మేస్త్రి కొట్లో పనికి ఇద్దరం వెళ్ళిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. ఒక్కడికే చోటు ఉంది. "మాటలొద్దురా, ఇనుమే చెప్తుంది" అన్నాడు ఆయన. శుక్రవారం మధ్యాహ్నం చర్చి గంట మోగినంతసేపు చెరొక సానపట్టిన ఇనుపముక్కను పిడికిట్లో పట్టుకున్నాం. ఇంటిగుర్తు చెక్కిన చెక్కదిమ్మల మీద వాటిని కిటికీలో పెట్టాడు: మా నిచ్చెన గుర్తు దిమ్మ మీద నాది, మీ గొడ్డలి గుర్తు దిమ్మ మీద నీది. సోమవారం దాకా ఎవరూ ముట్టకూడదు. ఎవరి చేతి చెమటకు ఇనుము తుప్పుపడుతుందో చూసే ఆ పరీక్షను మూడు రోజుల ఇనుము అనేవారు. ఆదివారం చర్చి ప్రసంగం మధ్యలో కంగారుకు నీ ముక్కులోంచి రక్తం కారితే బయటికి పరిగెత్తావు. నాకు నీ మీద జాలేసింది. సోమవారం నా దిమ్మ మీది ముక్కకు నాలుగు వేళ్ళ తుప్పు. నీది తళతళ. నువ్వు తుపాకుల పనికి, నేను చదువుకి.

నీ వృత్తి అనుభవంతో చెప్పు: తుప్పుచెయ్యి వయసుతో నయమవుతుందా?

నీ,
లినార్డ్


తూన్,
20 నవంబరు 1988

లినార్డ్,

స్టెయిన్‌లెస్ కడ్డీ తెప్పించేశాను. మంచి సరుకు. ఈ వారం రంధ్రం తొలుస్తాను. చలి గురించి బెంగపడకు, గొట్టం కాస్త మందంగా ఉంచుతాను.

నువ్వు ఉపాధ్యాయుడివి, నేను మేస్త్రిని. పిల్లల సంగతి నువ్వు చూశావు, ఉక్కు సంగతి నన్ను చూడనీ. ఇంక దీని మీద ఉత్తరాలొద్దు.

తుమాష్


వాల్‌దేరా,
11 డిసెంబరు 1988

శ్రీ తుమాష్ మేస్త్రి గారికి,

దయచేసి పని ఆపండి. తొలిచిన రంధ్రమైనా సరే, అక్కడితో ఆపండి. నేను అడగని వస్తువును నేను తీసుకోను.

నేనడిగిన ప్రశ్నకు మీరు నవంబరు ఉత్తరంలో జవాబు ఇవ్వలేదు. బడిలో అయితే ఆ స్థలంలో సున్న వేసేవాణ్ణి. జవాబు నేనే వెదుక్కున్నాను. కమ్మరి దగ్గర మెత్తని ఉక్కుముక్క ఒకటి సానపట్టించి, శుక్రవారం మధ్యాహ్నం గంట మోగినంతసేపు పిడికిట్లో పట్టుకుని, కిటికీలో పెట్టాను. దాని పక్కనే మా పాత నిచ్చెన గుర్తు దిమ్మను కూడా పెట్టాను. దాన్ని నేను దాచుకున్నాను. సోమవారం తీశాను. మచ్చ లేదు.

వయసుతో చెమట తగ్గుతుంది, కాబట్టి ఇది రుజువు కాదు అని మొదట నాకు నేనే చెప్పుకున్నాను. తరువాత అటక మీద మా అమ్మ ఉన్ని దువ్వే ఇనుపదువ్వెన కనబడింది. పదమూడేళ్ళ వయసులో ఒక శీతాకాలమంతా దాన్ని పట్టుకుని దువ్వినది నేను. అప్పట్లో నా వెనకాల తుడిచేవాళ్ళెవరూ లేరు. దువ్వెనకు దుమ్ము ఉంది, తుప్పు లేదు.

అంటే నా చెయ్యి ఇప్పుడు మారలేదు. ఎప్పుడూ అది అంతే.

ఫ్లురిన్ మేస్త్రి పొరబడ్డాడా? ఆయనను అడుగుదామంటే చర్చి వెనక మట్టిలో ఉన్నాడు. ఆ కొట్లోకి వచ్చిపోయినవాళ్ళం ముగ్గురమే. ఒకరు లేరు. నాకు తెలియదు. మిగిలినవారు మీరు.

ఇట్లు,
లినార్డ్


తూన్,
8 జనవరి 1989

లినార్డ్,

మీరు అని రాశావు. ఆ ఒక్క మాట చదివి కొట్టు మూసేశాను ఆ రోజు.

నా ముక్కులోంచి రక్తం కారలేదు. ఆదివారం ప్రసంగం మధ్యలో రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికొచ్చి, తిన్నగా మేస్త్రి కొట్టుకెళ్ళాను. తలుపు తాళంచెవి ఎక్కడ పెడతాడో నాకు తెలుసు. చూద్దామనే వెళ్ళాను. చూడ్డానికే. కిటికీలో గొడ్డలి గుర్తు దిమ్మ మీద, నా ముక్కకి నాలుగు వేళ్ళు ఎర్రగా దిగున్నాయి. నిచ్చెన దిమ్మ మీద నీది వెండిలా ఉంది. పదిహేను క్షణాలు పట్టుంటుంది. మార్చేసి వచ్చాను. చొక్కాచేతిలోకి వేళ్ళు లాక్కుని, గుడ్డతో పట్టుకుని మార్చాను, మళ్ళీ మరక పడకుండా. పదిహేనేళ్ళ వెధవకి అంత తెలివి.

నువ్వు చదువుకుంటావు, నీకు దారి ఉంది, నాకు ఇనుము తప్ప ఏముంది అనుకున్నాను. ఆ మాటతో చాలా ఏళ్ళు నిద్రపోయాను. ఇప్పుడు ఆ మాట పనిచెయ్యడం లేదు.

రెండో నెలలో మేస్త్రి కనిపెట్టేశాడు. నేను తోమిన ప్రతి ముక్కా మర్నాటికి ఎర్రబడుతుంటే ఎన్నాళ్ళు దాగుతుంది? ఏమీ తిట్టలేదు. చెమట పీల్చే సుద్దపొడి డబ్బా, నూలు తొడుగులు నా ముందు పడేసి, "ఆ రెండో వాడి మొహం ఎలా చూడను రా నేను?" అన్నాడు. అంతే. తర్వాత నువ్వు ఊళ్ళోకొచ్చినప్పుడల్లా ఆయన వెనక తలుపులోంచి వెళ్ళిపోయేవాడు. నువ్వది గర్వమనుకునేవాడివి.

తెల్లతొడుగుల మేస్త్రి! తొడుగుల కింద ఏముందో యాభై ఏళ్ళు ఎవరికీ తెలీదు. పని నేర్చుకున్నాను, బాగానే చేశాను, అది అబద్ధం కాదు. కానీ ఒక్క గొట్టాన్ని కూడా వట్టి చేత్తో నిమరలేదు నేను. సొంతంగా చేసినవాటిల్లో ఒక్కదాన్ని కూడా.

స్టెయిన్‌లెస్ గోల అర్థమైంది కదా. ఆ ఉక్కు నీకోసం కాదు, నాకోసం. ఉత్త నల్ల ఉక్కు మీద నీ చెయ్యి పడి, అది గోడ మీద మెరుస్తూ వేలాడితే, ఊళ్ళో ఎవడో ఒకడు అడుగుతాడు: మరి ఆ రోజు తుప్పు ఎవడిదీ అని.

బ్రైదా సంగతి రాశావే, నలభై ఏళ్ళు తుడిచిందని. ఆ ముక్క దగ్గర నేను చదవడం ఆపేసి బయటికెళ్ళి నడిచాను.

నువ్వు ఏం రాసినా రాయకపోయినా సరే.

తుమాష్


వాల్‌దేరా,
9 ఏప్రిల్ 1989

తుమాష్,

జనవరి ఉత్తరం అందింది. మూడు నెలల్లో ఆరు జవాబులు వ్రాశాను. ఆరింటిలోనూ వాక్యాలు బాగున్నాయి. అందుకే ఒకటీ పంపలేదు.

ఫ్లురిన్ మేస్త్రి సమాధి మీద మంచు తీశాను. ఆయన పనివాడి కుర్చీ ఎలా ఉండేదో, నేను దానిలో కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించాను. ఆ దారిలో వెళ్ళి ఉంటే జున్ను పంపకాల రోజున నా చేతిలోని కత్తిని ఎవరూ అడిగి ఉండరు. ఆ ఆలోచనను అక్కడే ఆపాను. అది క్షమాపణ కింద లెక్క కాదు.

గొట్టం నల్ల ఉక్కు. పూత వద్దు. నా కోరిక మారలేదు.

లినార్డ్


తూన్,
14 మే 1989

లినార్డ్,

నల్ల ఉక్కు కడ్డీ జనవరి తొమ్మిదో తారీకునే బిగించాను, నీకు ఉత్తరం వేసిన మర్నాడే. నువ్వు వద్దన్నా చేసేవాణ్ణి. స్టెయిన్‌లెస్ కడ్డీ మూలన పడుంది.

తొలవడం, గాడులు తియ్యడం, సీసంతో లోపల రుద్దడం, అన్నీ నేనే చేశాను. నల్ల ఉక్కు మొండిది, పనిముట్టుని లాగుతుంది, వేడెక్కితే అలుగుతుంది. కానీ గాడి ఒకసారి కుదిరాక ఎంత నిలకడో! ఇక్కడ బయట పరీక్షకి కాల్చి చూశాను. పది తూటాల చిల్లులూ నీ కళ్ళద్దాల గాజు కింద దాక్కుంటాయి. పైన అద్దంలా తోమాను. నేను చేసినవాటిల్లో ఇదే మంచిది. పొగుడుకోవడం కాదు.

నాలుగు మాటలు నిలబడి చెప్పడం నాకు చేతకాదు, నీకు తెలుసు. కాబట్టి ఇనుమే చెప్పనీ. పండుగ శుక్రవారం పొద్దున నువ్వు పోటీలో కాల్చెయ్. మధ్యాహ్నం గంట మోగేటప్పుడు సంఘం వాళ్ళ హాల్లో, అందరి ముందూ, గొట్టాన్ని ఇద్దరం పట్టుకుందాం. కొస వైపు నువ్వు, మొదలు వైపు నేను. తొడుగులు లేకుండా. గోడకి తగిలిద్దాం. సోమవారం బహుమతులప్పుడు దింపుతారు. ఎవరి చెయ్యి ఎలాంటిదో ఊరే చూసుకుంటుంది.

సరేనంటే సరే. లేదంటే కూడా వస్తాను, రైఫిల్ ఇవ్వాలి కదా.

తుమాష్


తూన్,
25 జూన్ 1989

ఒరేయ్ లినార్డ్,

ఇల్లు చేరాను. రైలు దిగిన దగ్గర్నించీ ఒకటే ఆలోచన. అడుగుతున్నాను, జవాబు ఎగ్గొట్టకు.

శుక్రవారం అంతా అనుకున్నట్టే జరిగింది. నీకు పదకొండో స్థానం వచ్చింది, అది రైఫిల్ తప్పు కాదు, నీ పంతం. గాలి మారిందని పక్కవాడు చెప్తే విన్నావా? మధ్యాహ్నం గంటకి ఇద్దరం గొట్టం పట్టుకున్నాం. "ఏంటి మాస్టారూ, ఈ వయసులో మేస్త్రితో పెళ్ళి ప్రమాణమా?" అని స్టైవన్ అరిచాడు, అందరూ నవ్వారు. నా చేతికి అంత చెమట ఎప్పుడూ పట్టలేదు. యాభై ఏళ్ళ తర్వాత మొదటిసారి వట్టి ఉక్కుని పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఎంత బాగుందో నీకు చెప్పలేను.

సోమవారం స్టైవన్ రైఫిల్ దింపి, ఎండలోకి తెచ్చి, అందరికీ చూపించాడు. మచ్చ లేదు. కొస వైపు లేదు సరే, మొదలు వైపు కూడా లేదు! నా నాలుగు వేళ్ళూ ఎక్కడికి పోయాయి? నేను దగ్గరికెళ్ళి వంగి చూశాను. పొగలాంటి నీడ ఒకటి ఉంది, నా కంటికి తప్ప ఎవరికీ కనపడదు. వాసన చూశాను. మార్మొట్ కొవ్వు.

అంతలో స్టైవన్, "తుప్పు మాస్టారి చెయ్యి పడి మూడు రోజులైనా ఏమీ కాలేదు చూశారా! మేస్త్రీ, ఇది ఆ స్టెయిన్‌లెస్ స్టీలే కదూ? నాకూ ఒకటి చేసిపెట్టు" అన్నాడు. కాదని చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. నువ్వు నా కాలు తొక్కావు. బూటు కాలితో, బలంగా! పైగా "భోజనాలకి ఆలస్యమవుతోంది" అన్నావు.

నువ్వు! చర్చి గోడ మీద పేరులో ఒక అక్షరం తప్పుందని పదేళ్ళు పాస్టరుతో పోట్లాడినవాడివి. ఊరి ముందు నీ పేరు కడుక్కోవడానికి కదరా ఇదంతా? గొట్టం నల్ల ఉక్కే కావాలని నా ప్రాణం తీసింది అందుకే కదా? చివరికి వాళ్ళంతా స్టెయిన్‌లెస్ అనుకుని పోయారు. నువ్వు తుప్పు మాస్టారుగానే ఉండిపోయావు, నేను గొప్ప మేస్త్రినైపోయాను. మళ్ళీ.

ఎందుకు తుడిచావు?

తుమాష్


వాల్‌దేరా,
9 జూలై 1989

ఒరేయ్ తుమాష్,

ఈ సంబోధనను నేను కాగితం మీద వ్రాయడం ఇదే మొదటిసారి. చూడడానికి అంత అసభ్యంగా ఏమీ లేదు.

పండుగ ఆదివారం ప్రసంగం మధ్యలో నాకు ముక్కులోంచి రక్తం కారింది. అని గంటలు కొట్టే ఆయనతో చెప్పి, రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చాను. అబద్ధం ఇంత సులువుగా వస్తుందని డెబ్బై ఏళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు.

హాలు తాళంచెవి గుమ్మం పైన ఉంటుంది. ఊరికే చూద్దామని వెళ్ళాను. నువ్వు ఆనాడు వెళ్ళినట్టే. గొట్టం కొస వైపు తెల్లగా ఉంది. మొదలు వైపు నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు, రొట్టె పైచెక్కు రంగులో పడి ఉన్నాయి. చాలాసేపు చూశాను. ఊరంతా చూడాలని తొమ్మిది నెలలు పంతం పట్టినవాణ్ణి. అక్కడ ఒంటరిగా నిలబడ్డాక, అది చూడవలసినవాణ్ణి నేనొక్కణ్ణేనని తెలిసింది. చూశాను. చాలింది.

ఇంకొక సంగతి కూడా ఉంది. బ్రైదా గుడ్డ నా కోటు జేబులో ఉంది. ఎందుకు వేసుకుని వెళ్ళానో నాకే తెలియదు. నలభై ఏళ్ళు ఆమె ఆ గుడ్డతో లేని తుప్పును తుడిచింది. ఒక్కసారైనా దానికి నిజమైన పని దొరకాలనిపించింది. నీకు పదిహేను క్షణాలు పట్టిందన్నావు. నాకు ఒక కీర్తన పాడినంతసేపు పట్టింది. నీ చెమట మొండిది. గుడ్డ మీద గోధుమరంగు మచ్చ దిగింది. ఉతకలేదు.

స్టైవన్ మాటను దిద్దలేదని నిలదీశావు. నలభై ఒక్క ఏళ్ళలో తప్పని తెలిసి వదిలేసిన వాక్యం అది ఒక్కటే. ఆ సాయంత్రమే, నువ్వు రైలెక్కాక, వాడు నన్ను పిలిచి, "నూరేళ్ళ పండుగ కదా, ఈసారి ఊరేగింపులో తొలి రైఫిల్ పెద్దవారు మీరే మోయండి మాస్టారూ, కాకపోతే ఈ గుడ్డ చుట్టుకోండి" అన్నాడు. చుట్టుకున్నాను. మోశాను. మా ఇంటి కిటికీ కింద నడిచేటప్పుడు తల ఎత్తి చూశాను.

నిన్ను క్షమించానని వ్రాయను. అది ఇంకా నిజం కాలేదు, నిజం కాని వాక్యం కింద నేను సంతకం చెయ్యను. కానీ గొట్టం మంచిది. పదకొండో స్థానం నా పంతం వల్లనేనన్న నీ మాట కూడా నిజమే.

సెప్టెంబరులో ఒకసారి రా. గొట్టం లోపల రాగి మురికి తీయాలి, నాకు చేతకాదు. వట్టి చేతులతోనే చెయ్యి. తొడుగులు తేవద్దు.

గుడ్డ ఉంది.

నీ,
లినార్డ్